రావికమతం వెళ్లి వాకబు చేసిన మా నర్సమ్మత్త

నిన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. నర్సమ్మత్త పోయిందట.



ఎవరూ ఏమీ అనుకోకండి, నాకు రిలీఫ్‌గా అనిపించింది.

స్ట్రోక్ వచ్చి మంచాన పడ్డాక అత్తకి నోరు పెగల్లేదు. ఆవిడకి అంతకంటే నరకం లేదు. హమ్మయ్య, ఆ బాధ తీరింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అత్త అంటే అనకాపల్లిలో మా పక్కింటావిడ. ఎవరింట్లో కుక్కర్ కూసినా ఏం కూరో అడగాల్సిందే. ఎవరింటికి చుట్టాలొచ్చినా ఎన్నాళ్లుంటారో తేలాల్సిందే.

ఇలాంటివాళ్లని ఇంగ్లీషులో నోజీ అంటారు. మా కాలేజీ బ్యాచ్ అంతా అత్తని అలాగే పిలిచేవాళ్లం. అదేదో మెచ్చుకోలు అనుకుని మురిసిపోయేది.

నాకు రావికమతం నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు నూకరాజు. నాకు తెగ నచ్చాడు. నాన్న కూడా ఊ అన్నాడు.

ఎవరూ అడక్కుండానే అత్త బస్సెక్కి వాకబుకి వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి వీధి మొత్తానికి వినబడేలా చెప్పింది.

"ఆడికి పేకాట, తాగుడు. ఆ నూకరాజు మన పిల్లకొద్దు."

సంబంధం చెడింది. నేను అన్నం ముట్టలేదు.

తర్వాత ఆ ఊరి నుంచి వచ్చిన నాన్న ఫ్రెండ్ చెప్తే అసలు విషయం తెలిసింది. మా వైపు నూకాలమ్మ తల్లి పేరు పెట్టుకోని ఇల్లుండదు. అత్త బస్సు దిగి నూకరాజు గురించి అడిగింది. అన్నీ ఆరా తీసే మనిషి, ఇంటిపేరు మాత్రం చెప్పడం మర్చిపోయింది. ఊళ్లోవాళ్లు వేరే నూకరాజు సంగతులన్నీ చెప్పి పంపారు.

ఇంకెవరైనా అయితే మొహం చాటేసేవారు. అత్త మర్నాడే నాన్నని వెంటబెట్టుకుని మళ్లీ బస్సెక్కింది. అబ్బాయి వాళ్ల ఇంటి ముందు నిలబడి, ఇరుగుపొరుగుని పిలిచి మరీ చెప్పిందట.

"తప్పు నాదే బాబూ. ఒకలి పాపం ఇంకొకలికి అంటగట్టేసేను. నన్నేటన్నా పడతాను గానీ, మా పిల్లని ఒదులుకోకండి."

వాళ్లు మెత్తబడేదాకా అక్కణ్ణుంచి కదల్లేదట. నాన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

అత్తకి పిల్లల్లేరు. నిన్న కొరివి ఎవరు పెడతారా అని పెద్దలు గుసగుసలాడుకుంటుంటే, మా ఆయన ఎవర్నీ అడక్కుండా వెళ్లి నిప్పుకుండ పట్టుకున్నాడు.

అవును, ఆ నూకరాజే.

ఇక ఏ నొప్పీ లేకుండా హాయిగా పడుకో అత్తా. నువ్వెక్కడున్నా నీ ఆత్మ చల్లగా ఉండాలి.