ఈ పేరు గలవారు ఇక్కడ లేరు

ఏడేళ్లుగా ఒక కవరు నా సూట్‌కేసు అడుగున ఉంది. రూము మారినప్పుడల్లా బట్టలు, డబ్బులు చూసుకోకముందే దాన్ని తడుముకున్నాను. అది కనిపించకపోతే భయం, కనిపిస్తే ఇంకో రకం భయం. ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెబుతున్నాను, తెలిసిన మనిషైతే నోరు విప్పను. నిజం చెప్పాలంటే మీ మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. కువైట్ ఎంత చిన్నదో మీకు తెలియనిది కాదు. సబ్హాన్‌లో మీకు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. అందుకని నా పేరు చెప్పను, షాపు పేరు చెప్పను. నాది కోనసీమ అని మాత్రం చెబుతాను. రెండు ముక్కలు మాట్లాడితే అది ఎలాగూ బయటపడుతుంది.

సబ్హాన్‌లో నీటి పంపులు బాగుచేసే ఒక వర్క్‌షాపులో నాది ఆఫీసు పని. ఉత్తరాలు తేవడం, పంపడం, అందరి ఇఖామా కాగితాలు, అంటే ఇక్కడ ఉండే పర్మిట్లు, చూసుకోవడం. షాపు రబ్బరు స్టాంపు కూడా నా సొరుగులోనే ఉంటుంది. ఇక్కడ స్టాంపు లేని కాగితం చిత్తు కాగితం. షాపు లైసెన్సు, మా వీసాలు ఎవరి పేరున ఉన్నాయో ఆ కువైటీ కఫీల్ నెలకోసారి వచ్చి చాయ్ తాగి వెళ్లేవాడు. షాపు నడిపింది మాత్రం ఒక జర్మన్ పెద్దాయన. డెబ్భై దాటినా నడుం వంగలేదు. పెళ్లాం పిల్లలు లేరు. ఆయన ఇంటిపేరు బ్రున్‌హ్యూటర్. మా వాళ్లకి నోరు తిరక్క ‘జర్మన్ గారు’ అనేవారు. నేను సార్ అనేవాణ్ణి.

ఆ ఇంటిపేరు గురించి చెప్పాలి. తప్పంతా అక్కడే మొదలైంది.

సార్ టేబుల్ వెనక గోడకి జర్మనీ మ్యాపు ఒకటి ఉండేది. ఇంటిపేర్లు ఎక్కడెక్కడ ఎంతమందికి ఉన్నాయో చూపించే మ్యాపులట, పాత టెలిఫోన్ పుస్తకాల్ని బట్టి వేస్తారట. మామూలు ఇంటిపేరైతే దేశమంతా రంగు పూసినట్టు ఉంటుందట. సార్ మ్యాపులో ఒకే ఒక్క జిల్లాకి రంగు ఉంది. మొదటిసారి చూసినప్పుడు, అక్కడ మీ చుట్టాలున్నారా సార్ అని అడిగాను. ఆయన పగలబడి నవ్వి, ఆ రంగు తనదే అన్నారు. కువైట్ రాకముందు అక్కడ ఆయనకి ఫోన్ కనెక్షన్ ఉండేదట, అది ఎప్పుడో తీసేశారట. అంటే ఆ రంగు కూడా ఇప్పుడు అబద్ధమే. అప్పుడు నేనూ నవ్వాను.

ఆ పేరు ఎలా పుట్టిందో కూడా చెప్పేవారు. బ్రున్ అంటే బావి, హ్యూటర్ అంటే కాపలావాడు. ఏ కాలంలోనో వాళ్ల ముత్తాతల్లో ఒకాయన ఊరి బావికి కాపలా ఉండేవాడట. పంపులు బాగుచేసే మనిషికి బావి కాపలా ఇంటిపేరా? అంత చక్కగా అమరడం చూసి నాకు అనుమానమే వేసింది, ఈయనే అల్లుకున్నాడేమోనని. నా బుద్ధి అలాంటిది. బంగారం ఇస్తే ముందు గీటురాయి వెతుకుతాను.

సార్ ఆ పేరు గలవాళ్ల కోసం పాత పుట్టుకల లెక్కలు ఉండే చర్చిలకి ఉత్తరాలు రాసేవారు. వంశాల గురించి వేసే ఏదో జర్మన్ పత్రికలో ప్రకటన కూడా ఇచ్చారు, షాపు పోస్టుబాక్సు నంబరుతో. ఇక ప్రతి పొద్దునా నేను టపా పట్టుకుని లోపలికి రాగానే ఒకటే ప్రశ్న. ‘ఏమైనా వచ్చిందా?’ నేను ‘ఏమీ లేదు సార్’ అనేవాణ్ణి. చాలాకాలం అది నిజమే.

ఒక చలికాలం పొద్దున వచ్చింది.

నీలం కవరు. బ్రెజిల్ నుంచి. వెనకవైపు పంపినవాళ్ల పేరు, పేరు చివర బ్రున్‌హ్యూటర్. నేను పోస్టాఫీసు బయట కారులో కూర్చుని చింపాను. సార్ ఉత్తరాలన్నీ నేనే చింపి ఇచ్చేవాణ్ణి, అది నా పనే. చదవడం నా పని కాదు. చదివాను. ఇంగ్లీషులో రాసింది ఒక బడి టీచరు. వాళ్ల పెద్దలు సార్ వాళ్ల ఊరి నుంచే ఓడెక్కారని వాళ్ల నాన్న చెప్పేవాడట. ఆయనకి ఎనభై దాటాయట. ఈ పేరుతో లోకంలో మిగిలింది తామిద్దరమే అనుకుంటూ బతికారట. ‘మా నాన్న ఒక్కసారి మీ గొంతు వినాలంటున్నాడు’ అని ఫోన్ నంబరు ఇచ్చింది. కింద ఇంకో ముక్క రాసింది. బావి పక్కన ఉన్న పాత ఇంటి కాగితాలు మీ దగ్గర ఏమైనా ఉన్నాయా?

ఆ ముక్క దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

మా ఇంటిపేరు కూడా అరుదైనదే. మా వైపు రెండే గడపలు. నేను బళ్లో చదివే రోజుల్లో ఒకాయన మా అరుగు మీదకి వచ్చి, ‘మనది ఒకే ఇంటిపేరండీ, మీ తాతగారూ మా తాతగారూ అన్నదమ్ముల పిల్లలండీ’ అన్నాడు. మా నాన్న పొంగిపోయాడు. ఆకు వేసి పక్కన కూర్చోబెట్టుకుని తిన్నాడు. మాటల్లో మాటగా ఆయన కొబ్బరితోట కాగితాలు ఎవరి దగ్గరున్నాయని అడిగాడు. మరుసటి ఏడు కోర్టు నోటీసు వచ్చింది. తోటలో సగం పోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఒకే ఇంటిపేరు అంటే చుట్టం కాదు, దాయాది. దాయాది అంటే వాటా.

అందుకని ఆ నీలం కవరు చూడగానే నాకు ఆ బ్రెజిల్ ఆవిడ కనపడలేదు. మా అరుగు మీద కూర్చున్న మనిషి కనపడ్డాడు. ముసలివాడు, ఒంటరివాడు, ఇంత సంపాదించినవాడు. వాసన పట్టేశారు అనుకున్నాను. కవరు మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాను. లోపలికి వెళ్లాను. ఆయన అడిగారు. నేను ఏమీ లేదన్నాను. ఆ రోజు ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడు నెలలకి ఇంకో కవరు వచ్చింది. ఈసారి చింపలేదు. ఇలా వదిలేస్తే వస్తూనే ఉంటాయి, ఎప్పుడో సార్ కంటబడతాయి అనిపించింది. కవరు మీద ఇంగ్లీషులో ‘ఈ పేరు గలవారు ఇక్కడ లేరు’ అని రాశాను. పక్కన షాపు స్టాంపు కొట్టి తిరుగు టపాలో పడేశాను. స్టాంపు ఉంటే ఎవరైనా నమ్ముతారు కదా.

సార్‌ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్లు అదే చెప్పుకున్నాను. కానీ ఒక్క మాట మీ దగ్గర దాచాను, ఇప్పుడు చెబుతాను. ఆ బావి పక్క ఇంటిని ఎప్పుడో పడగొట్టి రోడ్డు వేసేశారని సారే నాకు చెప్పి ఉన్నారు. పంచుకోవడానికి అక్కడ ఇటుక ముక్క కూడా లేదు. అది నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఎందుకు అనుమానించాను? అనుమానించానా, అనుమానం కావాలని వెతుక్కున్నానా? మొదటి కవరు రావడానికి పది పదిహేను రోజుల ముందు సార్ ఒక మాట అన్నారు. నా పేరు వాళ్లు ఒక్కరు దొరికినా చాలు, యల్లా, ఈ ఇసక వదిలేసి వాళ్ల దగ్గరికి పోతాను, లేకపోతే షాపు నీకు అప్పగించి ఇక్కడే ఉంటాను అని. సార్ లేకపోతే కఫీల్ షాపు మూస్తాడు. షాపు మూస్తే నా ఇఖామా పోతుంది. అప్పటికి నా పిల్లల చదువులు సగంలో ఉన్నాయి. ఇప్పుడు మీరే చెప్పండి, దాయాది ఎవరు? వాటా కోసం ఆశపడింది ఎవరు?

ఆ వేసవిలో సార్‌కి గుండెపోటు వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, తెలివిలోనే ఉన్నారు. చేర్చుకునేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు. నింపింది నేనే, కాగితాల పని నాదే కదా. దగ్గరి బంధువు అని ఒక గడి ఉంది. నా రూములో, నా సూట్‌కేసులో ఒక ఫోన్ నంబరు ఉంది. నేను ఆ గడిలో ‘ఎవరూ లేరు’ అని రాశాను. నా పక్కన మా షాపు మెకానిక్ ఓబులేసు నిలబడి ఉన్నాడు, రాయచోటి వైపు మనిషి, సార్‌ని మోసుకొచ్చింది అతనే.

“ఏందన్నా, నిజంగా ఎవురూ ల్యారా ఈయప్పకి? ఎంత ల్యాకపోయినా కబురు జెప్పాల్సినోళ్లు ఒకరన్నా ఉంటారు గదా,” అన్నాడు.

వీడు కవరు చూశాడా? నా సూట్‌కేసు వెతికాడా? నాకు ఆ క్షణంలో వచ్చిన ఆలోచన అది. సార్ ఎలా ఉన్నారో కాదు.

రెండో రోజు సాయంత్రం సార్ పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టారు.

“పోస్టు చూశావా?”

“చూశాను సార్.”

“ఏమైనా వచ్చిందా?”

“ఏమీ లేదు సార్.”

ఆయన నా చెయ్యి మీద రెండుసార్లు తట్టారు, నన్నే ఓదారుస్తున్నట్టు.

“అయితే ఖలాస్. నేనే ఆఖరు.”

మర్నాడు పోయారు. ముస్లింలు కానివాళ్ల శ్మశానంలో ఇక్కడే పాతిపెట్టారు. కఫీల్ సంతకం పెట్టాడు. షాపులో అందరం వెళ్లాం. ఓబులేసు గట్టిగా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

మాలో ఒకే ఇంటిపేరు వాళ్లకి మైల ఉంటుంది. ఎంత పగ ఉన్నా, మాటలు లేకపోయినా, పోతే కబురు పంపాల్సిందే. మా నాన్నని కోర్టుకీడ్చిన ఆ మనిషి పోయినప్పుడు కూడా కబురు వచ్చింది. నాన్న తింటున్న కంచం ముందు నుంచి లేచి, వెళ్లి తలస్నానం చేశాడు. పది రోజులూ మైల పట్టాడు. పదోరోజున వాళ్ల రేవుకి వెళ్లి ధర్మోదకాలు వదిలి వచ్చాడు. అదేంటి నాన్నా, తోట లాక్కున్నాడు కదా అని నేను కోపంగా అడిగితే నాన్న నా వైపు వింతగా చూశాడు. ఆ చూపు నాకు సార్‌ని పూడ్చిన రోజు గుర్తొచ్చింది. దాయాది అనే మాటలో సగమే నేను నేర్చుకున్నాను, వాటా సగం. సార్ కోసం మైల పట్టాల్సినవాళ్లు ఇద్దరు ఉన్నారు, వాళ్లకి కబురు లేదు. పగవాడికి కూడా ఇచ్చే కబురు అది.

షాపు మూయలేదు. కఫీల్ నాకే అప్పగించాడు. అంటే నేను భయపడింది కూడా జరగలేదు. ఆ మ్యాపు ఉన్న గది ఇప్పుడు నాది. మ్యాపు తీయలేదు. తీస్తే ఎందుకు తీశావని ఎవరైనా అడుగుతారేమోనని.

మొన్న చలికాలంలో షాపు ఈమెయిల్‌కి ఒక జాబు వచ్చింది. అదే పేరు. వాళ్ల నాన్న పోయాడట. ఆయన సామాను సర్దుతుంటే తిరిగొచ్చిన కవరు దొరికిందట. దాని మీద నా స్టాంపు ఉంది. స్టాంపులో షాపు పేరు ఉంది. ఆ పేరుతో వెతికితే మా పాత వెబ్‌సైటులో ఒక ఫోటో కనపడిందట, పంపుల పక్కన మేమందరం, వెనక వరసలో సార్. ‘ఆ చెవులు మా నాన్న చెవులే’ అని రాసింది. ‘ఆయన అక్కడే ఉన్నారని నాకు తెలుసు. నాకు ఏమీ అక్కర్లేదు. పాత ఇంటి కాగితాలు అడిగింది వాటిలో మా పెద్దవాళ్ల పేర్లు ఉంటాయేమోనని. ఒక్కటి చెప్పండి. లేరు అని రాసింది ఆయనేనా? మా పేరు చూసి కూడా మమ్మల్ని వద్దన్నాడా అని మా నాన్న చివరిదాకా అడిగాడు.’

మొదట నేను ఏమనుకున్నానో తెలుసా? ఇది ఓబులేసు పని, ఎవరితోనో రాయించి నన్ను పట్టిద్దామని చూస్తున్నాడు అనుకున్నాను. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. పాపం, అతను నాకు ఒంట్లో బాగాలేదేమోనని పెరుగన్నం తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఆ తర్వాత పోస్టాఫీసు పొరపాటని రాద్దామని కూర్చున్నాను. రాశాను కూడా, చక్కగా, మర్యాదగా. పంపే ముందు తలెత్తితే గోడ మీద మ్యాపు. రాసిందంతా చెరిపేశాను.

నాలుగే వాక్యాలు రాశాను. ఆయన మీ ఉత్తరాలు చూడలేదు. ఆ రాత నాది, స్టాంపు నేనే కొట్టాను. ఆయన ప్రతి పొద్దునా మీ కోసం అడిగేవారు. చివరి సాయంత్రం కూడా అడిగారు. దాంతోపాటు నీలం కవరుకీ, సార్ సమాధికీ ఫోటోలు తీసి పంపాను. క్షమించమని రాయలేదు. ఆ మాట అడిగే హక్కు నాకుందని అనిపించలేదు. పంపేశాక ఏడేళ్లలో మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లింది. ఆమెకి చెప్పాను, మీకు చెప్పాను. ఇక కనిపెడతారన్న భయం లేదు. చేసింది మాత్రం అలాగే ఉంది.

ఇది జరిగి మూడు నెలలైంది. ప్రతి పొద్దునా సార్ కుర్చీలో కూర్చుని, ఇంకే పనీ మొదలుపెట్టకముందే కంప్యూటర్ తెరుస్తాను. ఏమైనా వచ్చిందా?

ఏమీ లేదు.