హసీనా పెట్టేసిన ఫోను

పదకొండేళ్ళుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. అది కూడా పిరికితనమేనేమో.

ఆఫీసుల్లో ఫోన్ ఎక్స్ఛేంజి పెట్టెలు బిగించడం నా పని. బయటి నుంచి వచ్చే రెండు మూడు లైన్లను లోపలి ఫోన్లన్నింటికీ పంచే పెట్టె అది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల నాకు మంచి పేరుండేది. ఒకసారి నేను పెట్టి వెళితే మళ్ళీ చూసుకోనక్కర్లేదని అనేవారు. ఆ పేరే నన్ను ముంచింది. కాదు, అబద్ధం. మునిగింది నేను కాదు.

ఆ ఏడాది మిరపకాయల సీజనుకు ముందు ఒక కోల్డ్ స్టోరేజీలో పెట్టె మార్చాను. అంతకు ముందు వారమే ఒంగోలులో ఒక గ్రానైట్ ఆఫీసులో అదే రకం పెట్టె బిగించి వచ్చాను. మా పనిలో ఒక అలవాటుంది. ప్రతిచోటా సెట్టింగులు మొదటి నుంచి కొట్టుకుంటూ కూర్చోం. కిందటి చోట చేసినదాన్ని ల్యాప్‌టాప్‌లోంచి కాపీ చేసి ఎక్కించేస్తాం. అందరూ చేసేదే. నేనూ చేశాను.

అవతలి మనిషి ఫోన్ పెట్టేసిన సంగతి పెట్టెకు తెలియాలి. తెలిస్తేనే లైను వదులుతుంది. అవతలి మనిషి పెట్టేయగానే ఒంగోలు లైన్లో కరెంటు దిశ మారేది, దాన్నిబట్టి పెట్టె గుర్తుపట్టేది. ఈ గుంటూరు లైన్లో దిశ మారదు, ఉత్త టోను వస్తుంది. నేను ఎక్కించిన సెట్టింగు మాత్రం దిశ మారుతుందని కాచుకుని కూర్చుంది. బయటి నుంచి ఒక్క కాల్ చేసి, పెట్టేసి, లోపలి ఫోను మీద ఆ లైను లైటు ఆరిందో లేదో చూసి ఉంటే అక్కడికక్కడే తెలిసిపోయేది. ఎందుకు చూడలేదు? తొందర పనేమీ లేదు. నేను చేస్తే తప్పెందుకుంటుందన్న పొగరు, అంతే.

అక్కడ ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి హసీనా. ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. పెదకాకాని నుంచి వాళ్ళన్నయ్య బండి మీద తెచ్చి దింపేవాడు. వాళ్ళింట్లో ఆఫీసు ఉద్యోగానికొచ్చిన మొదటి ఆడపిల్ల. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుకోవడానికి చోటుందా అని రైతులు ఫోన్ చేసేవారు. మేనేజరు వచ్చేదాకా ఆమె వాళ్ళను హోల్డులో ఆపి, తన ఫోను పెట్టేసేది. వాళ్ళు విసిగి పెట్టేసేవారు. లైను మాత్రం ఆమె నంబరు మీద ముప్పావుగంట, గంట అలాగే ఉండిపోయేది. ఎప్పుడు చేసినా ఎంగేజేనని రైతుల గొడవ. పెట్టెలోంచి తీసిన కాల్స్ కాగితంలో హసీనా నంబరుకెదురుగా అన్నీ గంటల కాల్సే. ఎవడితోనో మాట్లాడుతోందన్నారు ఆఫీసులో.

ఓనరు నన్ను పిలిపించాడు. ఎవరినీ కలవకముందే వెళ్ళి పెట్టె తెరిచాను. చూడగానే తప్పెక్కడుందో తెలిసింది. సరిచేసేలోపే ఓనరు గదిలోంచి పిలుపొచ్చింది. హసీనా అక్కడే నిలబడి ఉంది.

"నేనెవరితోనూ మాట్లాడలేదండీ. ఫోను పెట్టేసినా లైటు ఆరట్లేదు. అన్నా, మీరన్నా చెప్పండి," అంది నాతో.

ఓనరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, పెట్టెలో తేడా ఏమన్నా ఉందా?"

"తేడా ఏం లేదండి. జరిగిందే చూపిస్తదండి అది," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు ఓనరు. ఆమె నా వైపు చూసి, టిఫిను బాక్సు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక సెట్టింగు మార్చాను. రెండు నిమిషాల పని. మర్నాటి నుంచి లైన్లు హాయిగా ఖాళీ అవుతున్నాయి. ఆ పిల్ల పోయాక ఫోన్లు ఎంత బాగున్నాయో చూశావా అని ఓనరు సంబరపడ్డాడు. నేను చేసిన మరమ్మతే ఆమె మీద సాక్ష్యమైంది. కాఫీ తెప్పించాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని తాగాను.

అప్పుడైనా చెప్పొచ్చుగా? పని పోతుందని భయమా? నిజం చెప్పాలంటే అదీ కాదు. ఒక్క ఆఫీసు పోతే నాకు ఇంకో పది ఉన్నాయి. పొరపాటు చేశానని పదిమందిలో అనిపించుకోవడం ఇష్టం లేక, ఒక ఆడపిల్ల మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. వాళ్ళన్నయ్య ఆమె ఫోన్ లాక్కున్నాడనీ, మళ్ళీ ఏ పనికీ పంపలేదనీ తర్వాత అక్కడి గుమస్తా చెప్పాడు. అప్పటి నుంచి ఎక్కడ పెట్టె బిగించినా బయటికెళ్ళి కాల్ చేస్తాను, పెట్టేస్తాను, లోపలికి పరుగెత్తి లైటు చూస్తాను. పదిసార్లు చూసినా నమ్మకం కుదరదు. చాదస్తమని నవ్వుతారు.

పోయిన నెల గుంటూరు బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టి పలకరించింది. పక్కన కూతురుంది. కుశలమడిగింది. ఆ తర్వాత, "అన్నా, ఒకోసారి నేనే ఫోను సరిగ్గా పెట్టలేదేమో అనిపిస్తది. అంతేనంటారా?" అంది.

కోపంతో అడగలేదు. తిట్టినా బాగుండేది. పదకొండేళ్ళుగా ఆ మనిషి తన చేతుల్ని తనే అనుమానించుకుంటోంది. నేనేం చేశానో తెలుసా? బస్సొచ్చిందమ్మా అని చెప్పి, నాది కాని బస్సెక్కేశాను. పెదకాకాని దాటేదాకా తల తిప్పలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. హసీనా ఫోను సరిగ్గానే పెట్టింది, ప్రతిసారీ. ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పు నాది, అది నాకు ఆ రోజే తెలుసు, తెలిసే అబద్ధమాడాను. క్షమించమని అడగను. అడిగే మొహం ఉంటే బస్టాండులోనే అడిగేవాణ్ణి.

రాశాక నాకు కాస్త తేలిగ్గా ఉంది. ఆమెకు ఇంకా తెలియదు.