వసుంధర గారికే చెప్పిన మాట

నిన్న కోర్టు లిఫ్టులో ఎవరో లవంగం నములుతున్నారు. ఆ ఘాటు తగలగానే నాకు ఒళ్ళు మండింది. తొంభైల్లో దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని మా అనువాదాల ఆఫీసులో, మాట్లాడే ముందు బుగ్గన లవంగం పెట్టుకునే మనిషి ఒకరుండేవారు. వసుంధర గారు, నా పై అధికారి. ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను, ఆవిడంటే ఎంతో గౌరవం అని రాయాలనే కూర్చున్నాను. అబద్ధం ఎందుకు? గౌరవం తర్వాత సంగతి, ముందు అసూయ. ఆవిడ పోయి ఏళ్ళయినా అది తగ్గలేదు.

కాకినాడ మనిషి. ఇస్త్రీ చెదరని నేత చీర, కొలిచినట్టు మాట. చదువులో నేనేం తీసిపోను. ఇంగ్లీషు నాదే మెరుగు, వాదన సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా పోలీసు స్టేషన్‌కో కోర్టుకో దుబాసీ కావాలంటే పిలుపు ఆవిడకే వచ్చేది. నాకు టైపు పని. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"నాకెందుకివ్వరు మేడం ఆ పని?"

"నీకు మాట్లాడ్డం వచ్చు సరళా. ఊరుకోవడం ఇంకా రావాలి."

"ఊరుకోవడానికి జీతమెందుకండీ?"

"దానికే ఇస్తారమ్మా," అని టీ గ్లాసు నా వైపు జరిపారు. ఆ టీ నేను తాగలేదు.

బోస్నియా యుద్ధం ముగిశాక యూరప్ నుంచి ఒక ప్రాసిక్యూటర్ దోహా వచ్చాడు. యూరప్‌లోని వలస కుర్రాళ్ళను పోగుచేసి, జిహాద్ పేరుతో యుద్ధానికి పంపిన ఒకడి మీద కేసు నడుపుతున్నాడు. పంపినవాడేమో తాను సహాయ సామగ్రి తప్ప మనుషులను పంపలేదంటున్నాడు. వాడు దోహా వచ్చినప్పుడు వాడి మాటలు చెవులారా విన్న ఒక కుర్రాడి తండ్రి ఒక్కడే దొరికాడు. దోహా శివారు ముఐథర్‌లో ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు, యూసుఫ్, జగిత్యాల మనిషి. కొడుకు యూరప్‌లో హోటలు వంటగదిలో పనికి వెళ్ళి, వాడి వలలో పడి, యుద్ధం చూసి తిరిగొచ్చి అక్కడి జైల్లో ఉన్నాడు. ఆ కొడుకు కేసు ఇంకా తేలలేదు. సాక్ష్యమివ్వడానికి యూసుఫ్ ఒప్పుకున్నాడు గానీ ఉర్దూ దుబాసీ వద్దన్నాడట. ఉర్దూవాళ్ళయితే శుక్రవారం నమాజుకల్లా తన కథ అందరికీ తెలిసిపోతుందని భయం. తెలుగు మనిషిని పెట్టమన్నాడు.

తెలుగు, అందులోనూ జగిత్యాల! నాది కరీంనగరు. ఈ పని నాది కాకపోతే ఇంకెవరిది? అతను గుమ్మంలోకి రాగానే ఎదురెళ్ళాను.

"రాండ్రి యూసుఫన్నా! మాది గూడ కరీంనగరే. మా మేనమామ జగిత్యాలల్నే ఉంటడు. మీది ఏ వాడ?"

అతని మొహం తలుపు వేసినట్టు మూసుకుపోయింది. "గట్లనా చెల్లె," అని ఊరుకుని వసుంధర గారి వైపు తిరిగాడు. "అమ్మా, మీదెక్కడ?"

"కాకినాడండి."

"జగిత్యాల ఎన్నడన్న వచ్చిండ్రా?"

"లేదండి. మావాళ్ళెవరూ అటు లేరు."

"అయితే మీతోనే మాట్లాడ్త." తర్వాత నాతో మెల్లగా అన్నాడు: "కోపం చేయకు చెల్లె. మనూరోళ్ళ ముందట నోరు రాదు."

నా యాస, నా జిల్లా, నా మేనమామ, అన్నీ కలిసి నన్ను మళ్ళీ టైపు మిషను ముందు కూర్చోబెట్టాయి. నేను గది చివరన ఉండి ఇంగ్లీషు మాత్రమే టైపు చేయాలనీ, యూసుఫ్ వైపు చూడకూడదనీ ఒప్పందం. పక్కన స్థానిక అధికారి "యల్లా" అని తొందరపెడుతున్నాడు. యూసుఫ్ నోరు విప్పకముందే ఒక ప్రశ్న అడిగాడు.

"నేను చెప్తే నా పిలగానికి శిక్ష పెరుగుతదా?"

"ఏం కాదన్నా, చెప్పుండ్రి," అన్నాను, టైపు మిషను వెనక నుంచే.

వసుంధర గారు నా వైపు తిరగను కూడా తిరగలేదు. "అది మనం చెప్పేది కాదు," అని, ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ప్రాసిక్యూటర్‌కు చెప్పారు. ఆయన కళ్ళజోడు తీసి, పెరగొచ్చు, పెరగకపోవచ్చు, నేను మాటివ్వలేను అన్నాడు. ఆవిడ అదీ మెత్తబరచకుండా చెప్పారు. ఇక కేసు పోయినట్టే అనుకున్నాను. దాపరికం ఎందుకు, కాస్త సంతోషించాను కూడా.

అయినా యూసుఫ్ కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత మొదలుపెట్టాడు. "వాడు నా రూముకొచ్చి నా చేతి బువ్వ తిన్నడు. నీ కొడుకు అంబులెన్స్ నడుపుతడు, దెబ్బలు తాకినోళ్ళను మోస్తడు, పుణ్యం అన్నడు. నేనే ఫోన్ల పోరనికి చెప్పిన, పో బిడ్డా అని. మల్ల ఇంకో పది మంది పోరగాండ్లుంటే చూడుమన్నడు. అంబులెన్స్‌కు గంత మందెందుకని అడిగిన. నవ్విండు." ఆవిడ గొంతులో ఆ మాటలు ఇంగ్లీషై వస్తుంటే నా వేళ్ళు టైపు చేస్తూ పోయాయి. ఎక్కడా ఒక్క కన్నీటి బొట్టు కలపలేదావిడ. నేనైతే కలిపేదాన్ని. కలిపితే తప్పేమిటని ఆరోజే వాదించాను.

"అవతలి లాయరు ఆ బొట్టు దగ్గరే పట్టుకుంటాడమ్మా," అన్నారు.

పంపినవాడికి జైలు పడిందని తర్వాత పేపర్లో చదివాను. అంబులెన్స్ మాటే వాడిని పట్టించిందని రాశారు. యూసుఫ్ కొడుకు సంగతి అందులో లేదు. ఆ వారంలోనే యూసుఫ్ ఆఫీసుకొచ్చాడు. వసుంధర గారు బయటికెళ్ళారు, నాతో చెప్పమన్నాను. "అమ్మకే చెప్త," అని వరండాలో కుర్చీ వేసుకుని ఆవిడ వచ్చేదాకా కూర్చున్నాడు. లోపల తలుపు వేసుకుని ఏదో చెప్పాడు. వెళ్ళేటప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. సంతోషమో దుఃఖమో నాకు అంతుపట్టలేదు.

"ఏమైందండీ యూసుఫ్ కొడుక్కి?"

"అది ఆయన మాట సరళా."

ఎన్ని విధాల అడిగానో! అలిగాను, దెప్పాను, కేసు ముగిసింది కదా అని చట్టం మాట్లాడాను. ఆవిడ చెప్పకుండానే కాకినాడ వెళ్ళిపోయారు, చెప్పకుండానే పోయారు. ఆ కుర్రాడు బయటికొచ్చాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

నిన్న లిఫ్టు దిగి ఒక తల్లి వాంగ్మూలానికి దుబాసీగా కూర్చున్నాను. బయటికి రాగానే నా దగ్గర పనిచేసే అమ్మాయి చెవి దగ్గరికొచ్చి, ఆవిడ చివర్లో ఏమంది మేడం, ఎందుకలా ఏడ్చింది అని అడిగింది. నేను పర్సు సర్దుకుని ముందుకు నడిచాను. ఆ పిల్ల వెనక నుంచి నన్ను ఎలా చూస్తోందో తిరిగి చూడకుండానే తెలుసు. చూడనీ. మండనీ.