నానమ్మ పెట్టిన చివరి కాటుక

నా చిన్నప్పుడు మా నానక్‌రామ్‌గూడలో ఎవరింట్లో తొట్టెల జరిగినా, అంటే పసిబిడ్డను తొలిసారి ఉయ్యాలలో వేసినా, ఆ బిడ్డ కళ్ళకు మొదటి కాటుక పెట్టడానికి మా నానమ్మనే పిలిచేవారు. ఎవరు పెడితే వారి కళ్ళే బిడ్డకు వస్తాయని ఊరంతా నమ్మేది. మా నానమ్మవి చేరడేసి కళ్ళు. ఆముదం దీపం మీద కంచుపళ్ళెం బోర్లించి, పట్టిన మసిని వెన్నతో రంగరించి భరిణెలో దాచేది. తన కళ్ళంటే ఆమెకు కాస్త గర్వమే. ఎందుకుండకూడదు!

ఆ కళ్ళకే నీటికాసులు, అంటే గ్లకోమా, వచ్చాయి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయనీ, తల పగిలిపోతోందనీ ఆమె అంటే, కాటుక పొగ వల్లేననుకున్నాం. పక్కనుంచి వచ్చే మనిషిని కూడా చూడలేని స్థితి వచ్చాక, నాన్న లింగంపల్లి దాకా బండి కట్టి, అక్కడినుంచి రైల్లో పట్నం దవాఖానకు తీసుకెళ్ళాడు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడటానికే ఆపరేషన్ అన్నాడట డాక్టరు.

కట్లు విప్పి ఇంటికి వచ్చాక నానమ్మ అద్దం తెమ్మంది. నేనే తెచ్చాను. కుడి రెప్ప సగం వాలిపోయింది. తెల్లగుడ్డు ఎర్రబారింది. నల్లని కంటిపాప పైకి సాగి, తాళంచెవి దూర్చే సందులా ఉంది. చాలాసేపు చూసుకుని, "గిది నా కన్ను గాదు" అని అద్దం నాకిచ్చేసింది.

కొన్నాళ్ళకు ఎరుపు తగ్గింది గానీ రెప్ప లేవలేదు. కొంగు కుడివైపుకు లాగి కప్పుకోవడం అలవాటు చేసుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నానమ్మ నోరు మంచిదే. అయినా ఆ తర్వాత పుట్టిన పిల్లలకు కాటుక పెట్టమని ఒక్కరూ రాలేదు.

అప్పుడే మా మేనత్త తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. తొట్టెల నాడు నానమ్మ పొద్దున్నే కాటుక పట్టింది. భరిణె నా చేతిలో పెట్టి, ఇంకెవరితోనైనా పెట్టించమని చెప్పి, లోపలి గదిలో గోడవైపు తిరిగి కూచుంది. బయట మేనత్త వాళ్ళ అత్తగారు, "ఆడిపిల్ల, జర ఆలోచన చెయ్యున్రి" అంటోంది.

బాలింత అయిన మేనత్త నడుం పట్టుకుని లేచి, పిల్లను తీసుకెళ్ళి నానమ్మ ఒళ్ళో పెట్టింది.

"నువ్వే పెట్టు అవ్వా" అంది తల్లితో.

"వద్దు బిడ్డా. నా కన్నసొంటి కన్నొస్తె రేపు గీ పోరి నన్ను తిడ్తది."

"కన్ను గిట్లయింది గావట్టే గద, నా బిడ్డ మొకం నీకు కానొస్తున్నది! రానీ, గసొంటి కన్నే రానీ."

ఆపరేషన్ నాడు కూడా ఏడవని మనిషి, పసిదాని మీద కన్నీళ్ళు పడకుండా మొహం పక్కకు తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత వేలితో కాటుక పెట్టింది. సరిగా కనబడక కొంచెం చెంప మీదికి జారింది. మేనత్త ఎవరినీ తుడవనివ్వలేదు.

కథైతే ఊరు మారిపోయిందని చెప్పేదాన్ని. మారలేదు. ఆ తర్వాత కూడా ఎవరూ పిలవలేదు. అయినా ఏ ఇంట్లో పురుడని తెలిసినా నానమ్మ కాటుక పట్టేది, పిలుపు వస్తుందేమోనని వాకిట్లో కూచునేది. భరిణెలో కాటుక ఎండిపోయేది. ఆమె పోయాక గూట్లో ఆ భరిణె చూసి మేనత్త నేలమీద కూలబడిపోయింది.

ఈమధ్య నాకూ నీటికాసులకు ఆపరేషన్ అయింది. రెప్ప వాలింది. అద్దంలో చూసుకుంటే అచ్చం నానమ్మే. బాధ లేదంటే అబద్ధం. కొండాపూర్‌లో మా అమ్మాయి ఇంటికి, నాలుగు నెలల మనవణ్ణి చూడబోతూ నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాను. పసికళ్ళకు కాటుక పెట్టొద్దని డాక్టర్లు చెబుతున్నారు, మంచిదే. కానీ వాణ్ణి ఒళ్ళో పెట్టగానే ఆనాటి మేనత్త మాట చెవిలో మోగింది. అద్దాలు తీసి పక్కన పెట్టాను. వాడు నా వాలిన కంటి వైపే చెయ్యి చాచాడు. నేను మొహం తిప్పుకోలేదు. మా నానమ్మను కూడా ఇలా తిప్పుకోకుండా బతకనిచ్చి ఉంటే ఎంత బాగుండేది!