పొడిగా తిరిగొచ్చిన బూట్లు

మొన్న కరీంనగర్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీ ముందు బండి ఆపాను. లోపలి తలుపు తీయగానే చల్లగాలి, దాంతోపాటు తడిసిన రబ్బరు వాసన మొహానికి తగిలాయి. అంతే, రాజన్న గుర్తుకొచ్చాడు. నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళయినా ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు వచ్చేది సిగ్గే.

రాజన్నది ఇచ్చోడ, నాది సుల్తానాబాద్. మేం కలిసింది మాత్రం గల్ఫ్‌లో, ఒక పెద్ద మాల్‌లో. బయట ఎండ నెత్తి మాడుస్తుంటే లోపల మిషన్లతో మంచు కొండ చేసి పెట్టారు. జనం టికెట్టు కొని, కాళ్ళకు పొడుగాటి బద్దలు కట్టుకుని దానిమీంచి జారేవారు. స్కీయింగ్ అంటే అదే. దానికి కావలసిన బూట్లు అద్దెకిచ్చే కౌంటర్లో రాజన్న పెద్ద. నేను ఆఫీసులో కూర్చుని, ఎంతమంది వచ్చారో నెలనెలా రిపోర్టు తయారు చేసేవాణ్ణి. మంచు మొహం ఎరగని మేమిద్దరం మంచు వ్యాపారంలో పడ్డాం.

తిరిగొచ్చిన ప్రతి బూటులోనూ ఆయన చెయ్యి పెట్టి చూసేవాడు. ఛీ, ఇదేం పని అన్నాను ఒకసారి. అంతకు ముందు ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో పత్తి చూసి తీసుకునేవాడట. బరువు రావాలని కొందరు పత్తిమీద నీళ్ళు చల్లి తెస్తారు. ఆ సంగతి కాంటా చెప్పదు, లోపల పెట్టిన చెయ్యే చెప్తుంది. “గాడ తడి ఉంటె మోసం తమ్మీ, గీడ పొడిగ ఉంటె మోసం,” అన్నాడు. చెమ్మ తగిలితే ఆ మనిషి నిజంగా జారాడన్నమాట. పొడిగా ఉంటే, తొడుక్కుని ఫోటో దిగి విప్పేశాడన్నమాట. సగానికి పైగా పొడిగానే వచ్చేవి.

ఇవన్నీ ఒక నోటుబుక్కులో గీతలు గీసి పెట్టుకునేవాడు. మళ్ళీ వచ్చిన మొహాలకు వేరే పేజీ. నా రిపోర్టులోకి వచ్చే గేటు మిషను అంకె జాతర లెక్క అనీ, మంచు చూసిపోయేవాళ్ళు ఒక్కసారే వస్తారనీ, దుకాణం నిలబడేది రెండోసారి వచ్చినవాళ్ళతోననీ నాకు ఓపిగ్గా చెప్పేవాడు. టీ తాగడానికి బయటికి పోయి వచ్చినవాణ్ణి గేటు మిషను ఇంకో మనిషిగా లెక్కేసేది. అది నాకు తెలుసు. అంకె పెరిగితే మేనేజరు మొహం వెలిగేది కాబట్టి నోరు మూసుకునేవాణ్ణి.

ఆ అంకెలు చూసే మేనేజరు రెండో కొండ కట్టిద్దామన్నాడు, బాగా జారడం వచ్చినవాళ్ళ కోసం. రాజన్నకు నిద్ర పట్టలేదు. వచ్చినవాడు మొదటిరోజే పడి మోకాళ్ళు కొట్టుకుని పారిపోతున్నాడు, ముందు వాడికి నేర్పాలి గానీ ఇంకో కొండెందుకన్నది ఆయన బాధ. మీటింగుకు పోతున్న నా చేతిలో ఆ నోటుబుక్కు పెట్టాడు.

“నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చెప్తె ఆళ్ళు ఇంటరు. గా కొండ కడితె ఎక్కెటోడు లేడు. నష్టమొస్తె ముందుగాల ఇంటికి తోలేది మనలనే. మా బిడ్డ నర్సింగు ఇంక రెండేండ్లున్నది తమ్మీ.”

మీటింగులో మేనేజరు నా అంకెల్ని మెచ్చుకున్నాడు. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీగా ఉంది, నా కన్నంతా దానిమీదే. బూట్ల కౌంటర్ వాళ్ళేమంటున్నారని అడిగాడు. ఒడిలో ఉన్న నోటుబుక్కు తెరవలేదు సరికదా, “అక్కడొకాయన బూట్లలో చెయ్యి పెట్టి జనాన్ని లెక్కపెడతాడు సార్,” అన్నాను హిందీలో. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. థూ, నా బతుకు.

బయట రాజన్న నిలబడి ఉన్నాడు. “చెప్పిన అన్నా, ఆళ్ళు ఇనలే,” అన్నాను. ఆయన నా భుజం తట్టి, నువ్వేం చేస్తవు తియ్యి అన్నాడు.

కొండ కట్టారు. ఎక్కేవాడు లేడు. ఏడాది తిరక్కుండా మనుషుల్ని తగ్గించారు. మొదటి లిస్టులోనే రాజన్న పేరు. ఆ లిస్టు టైపు చేసింది కొత్త సూపర్‌వైజర్, అంటే నేనే.

నేనూ ఇంటికొచ్చేశాక, నిజం చెప్పి కాళ్ళమీద పడాలని ఇచ్చోడ పోయాను. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని వదినను పిలిచాడు. “ఆఫీసుల నా తరఫున నోరు తెరిచింది గీ తమ్ముడొక్కడే,” అని చెప్పాడు. వదిన జొన్నరొట్టె వడ్డించింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆ బిడ్డ నీళ్ళు తెచ్చింది. మందుల దుకాణంలో పనిచేస్తోందట. గొంతు దాకా వచ్చిన మాటను రొట్టెతో పాటు మింగేశాను. ఇంకోటి వెయ్యమంటావా అని వదిన అడిగితే, వెయ్యి అన్నాను.

పోయినేడు రాజన్న చనిపోయాడు. ఇప్పుడు ఆ బిడ్డ ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు నాకు ఫోన్ చేస్తుంది. “బాపు నీ మాట తప్పితె ఎవ్వల మాట నమ్మద్దన్నడు కాకా,” అంటుంది. నేను చదివించుకుని విని, జాగ్రత్తగా సలహా చెప్తాను. అడిగినవన్నీ చెప్తాను. అడగనిది ఒక్కటుంది, అది చెప్పను.