ఆకుపచ్చ పట్టీ మీద ఎర్ర అక్షరాలు

చోడవరంలో సినిమా నడుస్తుంటే టీవీ అడుగున పాకే ప్రకటనలన్నీ కావేరివే. కేబుల్ ఆఫీసులో కంప్యూటర్ మీద టైపు చేసేది ఆమే. ఊళ్లో సగం ఇళ్లలో ఇంకా బ్లాక్ అండ్ వైట్ టీవీలే కనక, అలాంటి చిన్న టీవీ ఒకటి పక్కన పెట్టుకుని, అందులో చూసుకున్నాకే ఏదైనా వదిలేది. అంత జాగ్రత్త మనిషి.

ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం ఆదివారం నుంచి రెండు రోజుల ముందుకి, శుక్రవారానికి మారింది. ఖర్చు పెట్టుకున్నది నగల కొట్టు కృష్ణంరాజు. కబురు తన కొట్టు రంగుల్లోనే రావాలని, ఆకుపచ్చ పట్టీ మీద ఎర్ర అక్షరాలు పెట్టించి, కంప్యూటర్‌లో చూసి మురిసిపోయాడు. పెద్దమనిషి ముందు మళ్లీ పరీక్షలేమిటని కావేరి ఆ చిన్న టీవీ స్విచ్చి వేయలేదు. మొహమాటం కొంప ముంచుతుందంటారు. మునిగింది మాత్రం పక్కింటి కొంప.

పక్కింటి దేముడమ్మకి శుక్లాలు. అయినా తన బ్లాక్ అండ్ వైట్ టీవీకి ముక్కు ఆనించి, అడుగున పాకే అక్షరాలు పైకి చదవడం ఆవిడకో గర్వం. చదువుకునే ఉంటుందిలే అని కావేరి నోటితో చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం చూస్తే గుమ్మంలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. శిబిరం అయిపోయిందని తెలిసి, పట్టీ కనబడింది గానీ ఒక్క అక్షరమూ కనబడలేదని, తన కళ్లు పూర్తిగా పోయాయని ఏడ్చింది.

కావేరి ఆఫీసుకి పరుగెత్తి ఆ ప్రకటన చిన్న టీవీలో వేసి చూసింది. ఎరుపూ ఆకుపచ్చా అంతా ఒకటే బూడిదరంగు. పట్టీ ఉంది, అక్షరం లేదు.

చెప్పాలనుకుంది, చెప్పలేకపోయింది. ఆ గుమ్మం దాటేటప్పుడల్లా తల దించుకునేది. పులుసు చేస్తే ఓ గిన్నెడు ఇచ్చి వచ్చేది. తప్పు చేసినవాళ్లకి కూర పంచడం సులువు, నిజం చెప్పడమే కష్టం. ఇంతలో మాడుగులలో ఇంకో శిబిరం పడింది. వెళ్దాం రమ్మంటే దేముడమ్మ రానంది. సచ్చిపోయిన కళ్లకి ఆపరేషనేటని అడిగింది.

ఇక కావేరికి నోరు విప్పక తప్పలేదు. తప్పు మీ కళ్లది కాదని, రంగులు సరిచూడకుండా వదిలేసిన తనదేనని అంతా చెప్పేసింది.

దేముడమ్మ తిట్టలేదు.

"అయితే నా కళ్లు పోనేదన్నమాట," అంది. "ఆ సంగతి నీకు ఆ రోజే తెలుసేటే గుంటా? తెలిసే నన్నిన్నాళ్లూ ఏడవనిచ్చేవా?"

మర్నాడు మాడుగుల బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దిగేటప్పుడు కావేరి చెయ్యి అందిస్తే, దేముడమ్మ తడుముకుంటూ కడ్డీయే పట్టుకుంది.