మిరప బస్తాలో కోకో డబ్బా

యుద్ధం రోజుల్లో బెంగళూరులో దొరకని వస్తువులు కొన్ని, దొరికినా మనదాకా రాని వస్తువులు ఇంకొన్ని. కోకో పొడి రెండో రకం. ఓడల్లో వచ్చినదంతా కంటోన్మెంటు సిపాయిల గ్లాసుల్లోకి పోయేది. ఆ పొడి లేదని ఏడ్చేవాడు మా కాటన్‌పేట మొత్తం మీద ఒక్కడూ ఉండడు. నేను ఏడ్చాను. మా ఆవిడ ప్రాణం దాని మీదే నిలబడి ఉందని డాక్టరు అనలేదు గానీ, నాకు అలాగే వినిపించింది.

ఆమెకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జ్వరం పోతూ పోతూ ఆమె నోటి రుచిని మూట కట్టుకుని పోయింది. బార్లీ నీళ్లు మన్ను, సగ్గుబియ్యం జావ మన్ను, పాలైతే వాసనకే వాంతి. మనిషి ఎంత పలచబడిందంటే, మా అమ్మ దుప్పటి దులపబోతూ రెండుసార్లు ఆమెను కూడా కలిపి దులపబోయింది. హాస్యంగా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో తెల్లవారగానే ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాకే నేను ముఖం కడుక్కునేవాణ్ణి.

"పేగు ఇంకా పచ్చిగా ఉండాది" అన్నాడు డాక్టరు. "అన్నం వద్దు, సంగటి వద్దు, కారం ఊసే ఎత్తొద్దు. పాలు ఎట్లన్నా లోపలికి పోవల్ల. పోలేదంటే నా చేతిలో ఏమీ లేదప్పా. వేడి పాలల్లో కోకో కలిపి చూడు. ఒంటికి బలమంటారు, మనసుకి హుషారంటారు. అదంతా నేను నమ్మను. పాలు దిగితే సాలు."

కంటోన్మెంటు వీధులన్నీ కొలిచాను. ఇంటికి తిరిగి వచ్చేసరికి నా చెప్పుల అడుగులు అరిగిపోయి, పైపట్టీలు మాత్రమే తొడుక్కుని ఉన్నాను. కోకో అనగానే ప్రతి షాపువాడూ నేను రాజుగారి కిరీటం అరువు అడిగినట్టు చూశాడు. చివరికి ఒక బేకరీ యజమాని, తన పొయ్యి కన్నా లావాటి మనిషి, సొంతానికి దాచుకున్న డబ్బా ఒకటి ఉందన్నాడు. మాది ఎండుమిరపకాయల వ్యాపారం. ఒక గోతం బ్యాడగి మిరపకాయలకు డబ్బా ఇస్తానన్నాడు. ఆ క్షణంలో గోడౌను అడిగినా ఎలుకలతో సహా రాసిచ్చేవాణ్ణి.

"మీరెట్ల తాగుతారు దీన్ని?" అని అడిగాడు. "తెల్ల సిపాయిలకి నీళ్లగా ఉండల్ల, మొహం కనిపించేటట్ల. ఈడ యుద్ధంలో పట్టుకొచ్చిన ఇటలీ ఖైదీలు ఉండారే, వాళ్లకైతే దాంట్లో చెంచా నిలబడల్ల, మన రాగి జావ మాదిరి."

"మేమింకా తాగలేదప్పా. నా పెండ్లాం తాగితే వచ్చి చెప్తా" అన్నాను.

రేషను చక్కెరలో సగం పోసి అమ్మ కోకో కాచింది. మా ఆవిడ ఒక్క గుక్క నోట్లో పెట్టుకుని, "ఇదీ మన్నే అత్తా. తీపి మన్ను" అని గోడవైపు తిరిగింది. మరునాడూ అంతే. నేను అంగట్లో కూర్చుని తక్కెడలో మిరపకాయలకు బదులు నా చెయ్యి పెట్టి తూచాను. కొనేవాడు పాపం అదే చాలన్నాడు.

మా ఇంట్లో ఇనప్పెట్టె లేదు. విలువైనది ఏదైనా అమ్మ ఒక మిరప బస్తాలో పూడ్చిపెట్టేది. వెండి గిన్నె, ఇంగువ, నాన్న గడియారం, అన్నీ అందులోనే. అక్కడికి చీమ రాదు, దొంగ రాడు, చుట్టాల చెయ్యి అసలే రాదు. కోకో డబ్బా కూడా అక్కడికే చేరింది. నేను అట్లకాడతో ఊడబెరికినందువల్ల దాని మూత వంకరపోయి సరిగా పట్టేది కాదు. పైగా మిరప ఘాటు మా ముక్కులకూ నాలుకలకూ తెలియదు. మూడు తరాలుగా ఆ గోడౌను వెనకే కాపురం. వీధిలో పోయే జట్కా గుర్రం తుమ్మేది, మేము తుమ్మేవాళ్లం కాదు. మా ఆవిడ మాత్రం నేతవాళ్ల ఇంటి పిల్ల. ఆమె ముక్కు ఇంకా మా ఇంటిది కాలేదు.

మూడోనాడు చక్కెర లేదు. అమ్మ ఉత్త కోకోనే పాలల్లో కాచి, ఏడుపు దిగమింగుకుంటూ గ్లాసు అందించింది. మా ఆవిడ ఒక గుక్క తాగి దగ్గింది. ముఖం ఎర్రబడింది. కళ్లూ ముక్కూ కారాయి. ఇక అయిపోయిందనుకున్నాను. ఉన్న దేవుళ్లందరినీ పిలిచి, చాలక పొరుగువీధి దేవుళ్లను కూడా పిలిచాను.

"ఏమైంది?"

"కారం" అంది.

అమ్మ గ్లాసు అంచు నాకి చూసింది. "యాడుండాది కారం? సుమ్మనే ఉత్త చేదు."

నేనూ నాకాను. మాకేం తెలుస్తుంది? పరుగెత్తి బస్తాలోంచి డబ్బా తీశాను. పొడి మీద ఎర్రటి దుమ్ము, నాలుగు మిరపగింజలు. కారం ఊసే ఎత్తొద్దన్న డాక్టరు మాట గుర్తొచ్చింది. వచ్చి గ్లాసు లాక్కోబోయాను. వారాలుగా చెంచా ఎత్తని ఆ వేళ్లు దాన్ని పట్టిన పట్టుకి ఇద్దరు పహిల్వాన్లు కూడా చాలరు.

"ఇడ్సండి" అంది. "నాలిక్కి తెలస్తా ఉండాది."

అడుగుదాకా తాగింది.

డాక్టరును ఉన్నపళంగా లాక్కొచ్చాను. ఆయన ఆమె పొట్ట నొక్కి చూస్తున్నంతసేపూ నేనూ అమ్మా ఊపిరి తీసుకోలేదు. వాంతి లేదు, నొప్పి లేదు. ముందు నన్ను కడుపునిండా తిట్టాడు. తరువాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇది పుట్టింది మెక్సికో దిక్కున. దొరలు పోకముందు ఆడ ఉండే జనం దీంట్లో చక్కెర వేయరు, పాలు పోయరు. నీళ్లలో కలిపి, మిరపకాయ నూరి వేసి, నురగ రావల్లని ఎత్తునించి పోసి తాగేవాళ్లంట. తీపి చేసింది తరువాత వచ్చిన దొరలు."

అమ్మ ఆలోచించింది. "మిరపకాయ వేసి, ఎత్తునించి పోసి. అట్లయితే వాళ్లు మనోళ్లే కదప్పా?"

"మనోళ్లే గానీ టైఫాయిడ్ వచ్చినోళ్లు కాదమ్మా" అంటూ లేచాడు. "పడింది పడింది. ఇంకొక్క గింజ వేసినారంటే నేను ఈ గడప తొక్కను."

అమ్మ ఆ మాట దాటలేదు. ఒక్క గింజ వేయలేదు. డబ్బాను మళ్లీ బస్తాలోనే పెట్టింది, మూత మాత్రం పెట్టలేదు.

ఆ తరువాత ఆమె గ్లాసు ఎత్తినప్పుడల్లా నాకు రెండు భయాలు. తాగకపోతే పోతుందేమో, తాగితే పోతుందేమో. ఒకనాటి పొద్దున రెండో భయం గెలిచింది. ఎవరూ చూడకుండా గోడౌనులోకి పోయి, పొడి మీది ఎరుపంతా గీకేసి, వంకర మూతను రాయితో కొట్టి సరిచేసి, డబ్బాకు బిగించాను.

మధ్యాహ్నం అంగట్లో బస్తాల మీద కూర్చుని ఉంటే వెనక గోడ వెంబడి ఏదో రాసుకుంటున్న చప్పుడు. అమ్మ అనుకున్నాను. అమ్మ అయితే అడుగడుక్కీ ఆగదు. తిరిగి చూస్తే మా ఆవిడ. జ్వరం పడ్డాక ఇంటి గడప దాటడం అదే మొదలు. ఒక చెయ్యి గోడ మీద, ఒక చేతిలో నిండు గ్లాసు. పట్టుకోవడానికి లేవబోతే గ్లాసు అడ్డం పెట్టి ఆపింది.

"మూత ఎవరు పెట్టినారు?" అంది.